మధ్య తడిక

మా నాన్నగారిది జాలిగుండె అని అమలాపురంలో అందరూ చెప్పుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి, ఆయన పోయి ముప్ఫై ఏళ్ళు అయింది, అయినా ఆ మంట చల్లారలేదు. పేరు వెనక 'గారు' మాత్రం తీయలేకపోతున్నాను. అది చిన్నప్పటి అలవాటు, గౌరవమని ఎవరూ పొరపడొద్దు.

ఆయన పేరు శరభయ్య. హైస్కూల్లో లెక్కల మేష్టారు. మా ఇంటి ముందు వసారాలో, వీధిలోంచి వచ్చేవాళ్ళకి ఎదురుగా కనిపించేలా ఆయన పంజరం ఉండేది. అందులో రంగూను పిట్టలు. యుద్ధానికి ముందు రంగూను నుంచి ఇంటికొచ్చిన చుట్టం ఎవరో ఒక జత తెచ్చి ఇస్తే, వాటి సంతానంతో పంజరం నిండింది. వరిచేలల్లో కంకుల మీద వాలే జీనువాయిల జాతివే గానీ ఇవి పంజరంలోనే పుట్టి పంజరంలోనే పెరిగే రకం. తెలుపూ గోధుమరంగూ మచ్చలతో గుప్పిట్లో ఇమిడిపోయేవి. పుంజుకీ పెట్టకీ రంగులో తేడా ఉండదు. పాడితే పుంజు, పాడకుండా పని చూసుకుంటే పెట్ట.

ఆ పెట్టలకి నాన్నగారు చేసిన సేవ ఇంతా అంతా కాదు. కొర్రలు తెప్పించి చెరిగించేవారు. గూటి కోసం చిన్న మట్టిముంత పక్కకి వాల్చి కట్టి, అందులో మెత్తటి కొబ్బరి పీచు తన చేత్తో సర్దేవారు. అంతర్వేది తీర్థానికి ఎవరు వెళ్ళినా సముద్రపు నురుగు తెమ్మని మరీ మరీ చెప్పేవారు. ఒడ్డుకి కొట్టుకొచ్చే ఆ తెల్లటి పెళుసు ముక్కని కమ్మీల మధ్య గుచ్చితే పెట్ట దాన్ని గీరుకుని తింటుంది, గుడ్డు పెంకు గట్టిపడుతుంది. గుడ్డు ముట్టని మా ఇంట్లో పొద్దస్తమానం గుడ్ల కబుర్లే నడిచేవి.

అన్నిటికంటే ఊరు మెచ్చుకున్నది మధ్య తడికని. ఏ పెట్టయినా మూడు పొదుగులు పొదిగిందంటే చాలు, నాన్నగారు ముంత దింపేసి, పంజరం మధ్యకి సన్నటి వెదురు తడిక దించేసేవారు. పుంజు అటు, పెట్ట ఇటు. ఆరు నెలలపాటు అంతే. వచ్చినవాళ్ళు ఎందుకని అడిగితే ఆయన గొంతు మెత్తబడేది.

"ఈ పెట్టకి అలుపు తెలీదండీ. పుంజు పక్కనుంటే గుడ్డు పెడుతూనే ఉంటుంది. ఒంట్లో సారమంతా పెంకులకే పోతుంది. చివరికి ఏ చలిరోజునో గుడ్డు బయటికి రాక ప్రాణం పోతుంది. అది నోరు విప్పి వద్దనలేదు. దాని తరఫున మనమే వద్దనాలి."

ఆ మాట వినగానే పెద్దవాళ్ళకి కూడా కళ్ళు చెమ్మగిల్లేవి. లోపల వంటింట్లో మా అమ్మ ఆ మాట ఎన్నిసార్లు విని ఉంటుందో నాకు తెలియదు. యాభై ఒకటో సంవత్సరం వానాకాలం మొదలయ్యేసరికి ఆవిడకి తొమ్మిదోసారి నెలలు నిండుతున్నాయి.

నేను పెద్దదాన్ని. నా వెనక నలుగురు బతికారు, ముగ్గురు పోయారు. నాలుగో ఫారం చదువుతున్న నన్ను బడి మానిపించి చంటిపిల్లని నా చంకకెత్తారు. అమ్మకి పుట్టిల్లు లేదు, అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు, కాబట్టి పురుళ్ళన్నీ మా ఇంటి వెనక గదిలోనే. ఆ గదిలోంచి ఆవిడ బయటికి రావడం, పడకగదికి వెళ్ళడం, మళ్ళీ ఆ గదిలోకే రావడం. నాకు ఊహ తెలిసిన దగ్గర్నించీ అదే చూశాను.

ఆషాఢంలో ఒకరోజు అమ్మ నూతి దగ్గర చేద లాగుతూ కూలబడిపోయింది. ఆస్పత్రి డాక్టరమ్మ జట్కాలో వచ్చింది. అమ్మ కన్ను రెప్ప కిందికి లాగి చూసింది, పాదం మీద వేలితో నొక్కింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు. డాక్టరమ్మ చేతులు కడుక్కుని వసారాలోకి వచ్చి నాన్నగారితో మాట్లాడింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"మేష్టారండీ, ఆవిడ ఒంట్లో రక్తం లేదండి. ఈ కాన్పు గట్టెక్కితే మన అదృష్టం. గట్టెక్కేక మాత్రం మూడు నాలుగేళ్ళు ఇంకో కాన్పు మాట తలపెట్టకూడదు. వెంటనే మళ్ళీ వచ్చిందా, ఆవిడ మీకు దక్కరు."

"ఆయ్, అలాగేనండి," అన్నారు నాన్నగారు. తరవాత పైకి చూసి, అంతా ఈశ్వరుడి దయ అన్నారు. ఆ దయ ఈయన పడకగదికి దారి చూపిస్తుంటే ఈశ్వరుడు ఏం చేస్తాడో నాకు అర్థం కాలేదు.

కాఫీ వచ్చింది. కాఫీ తాగుతున్న మనిషికి పిట్టల్ని చూపించకపోతే ఆయనకి తోచదు. పొదుగుల లెక్క చెప్పారు, తడిక ఎత్తీ దించీ చూపించారు, వద్దనలేని జీవం తరఫున వద్దనడం గురించి చెప్పారు. డాక్టరమ్మ కాఫీ సగంలో ఆపి గ్లాసు కింద పెట్టింది.

"మీకు అన్నీ తెలుసన్నమాట మేష్టారూ," అని జట్కా ఎక్కింది.

ఆ మాటని ఆయన మెప్పు కింద తీసుకున్నారు. అంత చదువుకున్నావిడ తన పిట్టల జ్ఞానానికి నివ్వెరపోయిందని వచ్చినవాళ్ళందరికీ వారంరోజులు చెప్పుకున్నారు. అమ్మకి పాలూ ఆకుకూరలూ పెట్టమని ఆవిడ చెప్పిన మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాలు ఇంటికి వచ్చేవి. ముందు ఆయన కాఫీకి, తరవాత ఆయన్ని కన్న మా మామ్మ మజ్జిగకి, ఆ పైన పిల్లలకి. అమ్మ వంతు వచ్చేసరికి గిన్నె తొలిచిన నీళ్ళు.

శ్రావణంలో ముసురు పట్టింది. గోడలు చెమ్మ ఎక్కాయి, బట్టలు ఆరలేదు, పంజరం అడుగున పరిచిన ఇసక కూడా తడిసింది. ఒకరోజు పొద్దున్నే నాన్నగారి కేక విని వసారాలోకి పరిగెత్తాను. ఆయనకి అన్నిట్లోకీ ముద్దయిన పెట్ట, మెడ చుట్టూ తెల్లటి పట్టీ ఉన్నది, పంజరం అడుగున రెక్కలు ఉబ్బించుకుని కూర్చుని ఉంది. తోక ఎగదన్నుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. మూడో పొదుగులో నాలుగో గుడ్డు, అడ్డుపడింది.

ఆయన ఆ రోజు బడికి వెళ్ళలేదు. నన్ను ఆముదానికి తరిమారు. మామ్మ మడిలో ఉంది, ముట్టుకోదు. అందుకని కుంపటి రాజెయ్యడానికి అమ్మని లేపారు. నేను ఆముదం తెచ్చేసరికి, ఎనిమిదో నెల కడుపుతో, పొంగిన కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలీక, ఆవిడ కుంపటి ముందు చతికిలబడి విసనకర్రతో విసురుతోంది. తడిసిన బొగ్గులు. పొగకి దగ్గుతోంది. ఆయన పెట్టని దూదిలో పెట్టి, కుంపటి మీద పట్టిన గుడ్డతో కాపడం పెడుతూ, "ఇంకొంచెం రాజెయ్యి, ఇంకొంచెం," అంటున్నారు. నేను అమ్మ చేతిలో విసనకర్ర లాక్కున్నాను. నీకు నిదానం తెలీదు, మీ అమ్మకే ఇవ్వమన్నారు నాన్నగారు.

మధ్యాహ్నానికి గుడ్డు పడింది. పెంకు లేదు, తోలు మెత్తన. పెట్ట ఒక పక్కకి ఒరిగి, కాసేపటికి లేచి, నీళ్ళు తాగింది. నాన్నగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

"చూశావా సూర్యం, ఎంత నరకం పడిందో పాపం."

"చూశానండి," అంది అమ్మ. మా అమ్మ పేరు సూర్యావతి.

ఆ పూటే ముంత దిగింది, తడిక పడింది. ఆరు నెలలు దీని వైపు పుంజు చూడకూడదని నాన్నగారు అందరికీ హుకుం వేశారు. అమ్మ నేలకి చెయ్యి ఊని మెల్లిగా లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రోజు వంట కూడా ఆవిడదే. నేను వెనకాలే వెళ్ళి, నీకు కోపం రాదా అని అడిగాను.

అమ్మ బియ్యం కడుగుతూ ఆలోచించింది. "కోపానికైనా ఒంట్లో ఓపిక ఉండొద్దటే," అంది.

భాద్రపదంలో చవితి వెళ్ళాక పురుడు వచ్చింది. మగపిల్లాడు. ఏడవలేదు. వాణ్ణి ఎవరూ సరిగా చూడనుకూడా లేదు, ఎందుకంటే అమ్మకి రక్తం ఆగలేదు. డాక్టరమ్మ మోచేతుల దాకా తడిసిన చేతులతో ఒక పగలూ ఒక రాత్రీ ఆ వెనక గదిలోనే ఉంది. నేను గుడ్డలు తీసుకెళ్ళి బిందెలో జాడించి, ఆ ఎర్రనీళ్ళు నూతి దగ్గర పారబోసి, మళ్ళీ తెచ్చి ఇచ్చాను. వీధి అరుగు మీద నాన్నగారు తల పట్టుకుని ఏడుస్తుంటే నలుగురూ చుట్టూ చేరి ఓదార్చారు. ఎంత సున్నితమైన మనిషో, తట్టుకోలేకపోతున్నాడని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు. నేను చేతిలో ఉన్న బిందె ఆ అరుగు మీద కుమ్మరించకుండా ఎలా ఆగానో నాకిప్పటికీ తెలియదు.

అమ్మ బతికింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. గోడ పట్టుకుని నడవడానికి దసరా దాకా పట్టింది. డాక్టరమ్మ చివరిసారి వచ్చినప్పుడు ఆషాఢంలో చెప్పిన మాటే నాన్నగారికి మళ్ళీ చెప్పింది. ఆయన మళ్ళీ, ఆయ్ అలాగేనండి అన్నారు.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉండేది. పురిటి గదిలో ఉన్న ఆడది మళ్ళీ పడకగదికి వెళ్ళాలంటే పెద్దలు పంచాంగం చూసి మంచిరోజు పెట్టాలి. దసరా వెళ్ళగానే మా మామ్మ అచ్చయమ్మ పంచాంగం తీసింది. దీపావళికి ముందు వచ్చే దశమి బాగుందంది. నాన్నగారు తల ఊపారు. మంచం పట్టీ వదులైందని ఆ సాయంత్రమే బిగించుకున్నారు.

నేను ఉండబట్టలేక, డాక్టరమ్మ వద్దన్నారు కదా అని మామ్మతో అన్నాను.

"ఆడపిల్లవి, నీకెందుకే ఈ మాటలు? నేను పదకొండు మందిని కన్నాను. నాకేమైంది?" అని కసిరింది. ఆ పదకొండు మందిలో మిగిలింది నలుగురే. మిగతా వాళ్ళ ఊసు ఆవిడ నోట ఎన్నడూ వినలేదు. వంటింట్లోకి వెళ్ళి చూస్తే అమ్మ కత్తిపీట ముందు కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. అంతా వింది. దశమి అన్న మాట దగ్గర ఆవిడ చెయ్యి ఆగిందో లేదో నేను గమనించలేకపోయాను. దశమికి పంపితే మా అమ్మ వచ్చే ఏడు దసరా చూడదు. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు, తెలిసీ పంచాంగం మడిచి దూలంలో దోపారు.

దశమి ఇంకో నాలుగు రోజులుందనగా పోలిరాజుగారు వచ్చారు. గంగవరం నుంచి కోటిపల్లి రేవు దాటి వచ్చిన పెద్ద భూస్వామి. కిందటేడు నాన్నగారి దగ్గర ఒక జత తీసుకెళ్ళారు. మనిషి నిలువెత్తు, కోర మీసం, మాట మాత్రం మహా మెత్తన. పెట్ట చచ్చిపోయిందని చెప్పడానికి వచ్చి, చెప్పలేక వసారాలో కండువా నలుపుతూ కూర్చున్నారు.

"ఎన్ని పొదుగులు పెట్టనిచ్చేరు?" అన్నారు నాన్నగారు.

"ఆయ్, అయిదండి. పిల్లలు ముచ్చట పడతన్నారని ముంత తియ్యలేదండి. అయిదోదానికి గుడ్డు అడ్డం పడిపోయిందండి."

నాన్నగారు లేచి నిలబడ్డారు. ఆయనకి అంత కోపం రావడం నేను అంతకు ముందు చూడలేదు.

"మూడింటికి తడిక వెయ్యమని చెప్పానా లేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పేను. పొదుగు మీద పొదుగు, ఒళ్ళు గుల్లయిపోయేదాకా. మీ ముచ్చట కోసం, మీ సుఖం కోసం. అది నోరు లేని జీవం రాజుగారూ, వద్దనలేదు. మీకు తెలుసు, తెలిసీ ఊరుకున్నారు. దాన్ని చంపింది చలీ కాదు, గుడ్డూ కాదు. మీరు చంపేరు."

పోలిరాజుగారు తల వంచుకున్నారు. అంత పెద్దమనిషి, పనివాళ్ళు ఎదట నిలబడటానికి జంకే మనిషి, బళ్ళో పిల్లాడిలా చేతులు కట్టుకుని, తప్పయిపోయిందండి అన్నారు.

వచ్చినవాళ్ళకి కాఫీ తీసుకెళ్ళేది ఎప్పుడూ నేనే. అమ్మ పరాయి మగవాళ్ళ ఎదటికి వచ్చేది కాదు. ఆ రోజు నేను గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళేసరికి వెనకనించి ఆవిడ చెయ్యి వచ్చి గ్లాసు తీసుకుంది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నన్ను దాటి వసారాలోకి వెళ్ళి నిలబడింది. రవికె భుజాల మీద వదులుగా వేలాడుతోంది.

"రాజుగారండీ, మీ పెట్ట ఎన్ని పొదుగులకి పోయిందన్నారు?"

పోలిరాజుగారు గాభరాగా లేచారు. "అయిదండి, అమ్మగారూ."

"నాకు తొమ్మిదండి," అంది అమ్మ.

గ్లాసు స్టూలు మీద పెట్టి లోపలికి వచ్చేసింది.

పంజరంలో పుంజు ఒకటి పాడుతోంది. పోలిరాజుగారు కాఫీ ముట్టుకోలేదు. కండువా భుజాన వేసుకుని, నాన్నగారి వైపు కాక లోపలి గుమ్మం వైపు తిరిగి, ఎవరూ లేని ఆ గుమ్మానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆయన మళ్ళీ మా ఇంటికి రాలేదు.

నాన్నగారి మొహం నల్లబడింది. ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. ఆ రెండూ చేసి ఉంటే బాగుండేది, జాలిగుండె అన్న పేరు పోయేది. పంజరం దగ్గరికి వెళ్ళి తడికని ఊడబెరికి, మోకాలికి వేసి విరిచి పెరట్లోకి గిరవాటేశారు. ముంత తీసుకొచ్చి కట్టారు.

"ఇహ ఈ ఇంట్లో దేనికీ అడ్డు ఉండక్కర్లేదు," అన్నారు.

తెల్ల పట్టీ పెట్ట కాసేపు ఇటే కూర్చుంది. తరవాత పుంజే అటునించి గెంతుకుంటూ వచ్చింది.

ఆ రోజు నుంచీ ఆయన అమ్మ వడ్డిస్తే తినలేదు, మామ్మే వడ్డించింది. పరాయివాడి ఎదట నా పరువు తీసింది, దశమి నాటికి నీ కోడలికి బుద్ధి చెప్పి పంపమని మామ్మతో అన్నారు. మామ్మ విస్తట్లో మజ్జిగ పోస్తూ ఊఁ అంది. ఆ 'ఊఁ' వినగానే నాకు ఆవిడ చేతిలో గిన్నె లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. ముసలావిడ, మేడిపండు రంగు చీర, బోడితల, వంగిన నడుము. ఆవిడ మీద అంత కోపం పెట్టుకోవడం ఎలాగో కూడా నాకు తెలీలేదు.

దశమి నాడు దీపాల వేళకి అమ్మ స్నానం చేసింది. తలలో పూలు పెట్టుకోలేదు. వెనక గదిలో చాప మీద పిల్లల్ని చుట్టూ పెట్టుకుని కూర్చుంది. మామ్మ పళ్ళెంలో తమలపాకులూ వక్కా పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నేను తలుపు చాటున నిలబడి, ఈ ముసలావిడ అమ్మని చెయ్యి పట్టుకుని లేవదీస్తే ఏం చెయ్యాలా అని పళ్ళు కొరుకుతున్నాను.

"నేను రానండి, అత్తయ్యగారూ," అంది అమ్మ. తల వంచుకునే అంది, గొంతు పెంచలేదు.

మామ్మ చాలాసేపు కోడల్ని చూసింది. ఆ ఊడిన జుట్టునీ, చీర కుచ్చెళ్ళ కింద ఇంకా వాపు తియ్యని పాదాల్నీ చూసింది. తరవాత పళ్ళెం నా చేతిలో పెట్టి, నా చాప పట్రావే సావిత్రీ అంది. నేను అయోమయంగా తెచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని ఆ గది గుమ్మం బయట, గడపకి అడ్డంగా పరిచి, మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా కూర్చుని, పడుకుంది.

నాన్నగారు పడకగదిలోంచి వచ్చారు. ఉతికిన పంచె కట్టుకున్నారు.

"ఇదేవిటమ్మా, ఇక్కడ పడుకున్నావు? లే."

"నాకు ఇక్కడ బాగుందిరా."

"ఇవాళ దశమి."

"నేను చూసిందేగా. తెలుసు."

"మరి?"

"మరి ఏముంది? కావలిస్తే నన్ను దాటి వెళ్ళు," అంది మామ్మ.

కన్నతల్లిని దాటే మనిషి కాదాయన. లోకం ఏమనుకుంటుందో అన్న భయం ఆయనకి ఎప్పుడూ ఉండేది. గొంతు సవరించుకుని, వసారాలోకి వెళ్ళిపోయారు. లోపల అమ్మ లేచి తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది.

మామ్మ పైకప్పుకేసి చూస్తూ పేర్లు చెప్పడం మొదలెట్టింది. నాతో కాదు, ఎవరితోనూ కాదు. వెంకటప్పయ్య, కామేశ్వరి, సూరన్న, చిన్న సూరన్న. పోయిన ఏడుగురు. ఆ పేర్లు నేను వినడం అదే మొదలు. చివరి పేరు సావిత్రి.

కార్తీకంలో తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు నేలకి వంగి లేస్తున్నాయి, వసారాలోకి జల్లు కొడుతోంది. పంజరం లోపలి నడవలోకి మార్చారు గానీ ఆ చలికి అది చాలలేదు. ముంతలో అప్పటికే మూడు గుడ్లున్నాయి. ఆరు నెలల గడువులో సగం కూడా గడవకుండానే తెల్ల పట్టీ పెట్ట నాలుగో పొదుగుకి కూర్చుంది, ఆయన కట్టిన ముంతలోనే. తుఫాను రెండో రోజు మధ్యాహ్నం నాన్నగారు పెట్టని రెండు చేతుల్లో పట్టుకుని వెనక గది ముందుకి వచ్చారు. మామ్మ చాప మీద కూర్చుని రుద్రాక్షలు తిప్పుతోంది. పగలయినా ఆవిడ ఆ గుమ్మం వదిలేది కాదు.

"సూర్యం, కుంపటి," అన్నారు. దశమి తరవాత ఆయన అమ్మతో మాట్లాడిన మొదటి మాట అది.

గడియ తీసి అమ్మ బయటికి వచ్చింది. ఆయన చేతుల్లోకి వంగి చూసి, వేలితో పిట్ట మెడ మీద తాకింది.

"ఇంక కుంపటితో పని లేదండి."

ఆయన మోకాళ్ళ మీద కూలబడ్డారు. అంత పెద్ద మనిషి గుక్క పట్టి ఏడవడం మొదలెట్టారు. పిల్లలు బెదిరిపోయి నా వెనక చేరారు. "నేనే చంపేను, సూర్యం. నాకు తెలిసుండే చంపేను," అన్నారు.

అమ్మ ఆయన్ని చూస్తూ నిలబడింది. ఓదారుస్తుందనుకున్నాను. అంతవరకూ ఎప్పుడూ ఓదార్చింది.

"ఆయ్," అంది.

ఆయన చేతుల్లోంచి పిట్టని తీసుకుని, వానలో తలమీద కొంగు వేసుకుని పెరట్లోకి వెళ్ళింది. విరిచిపారేసిన తడిక ముక్కలు ఇంకా అక్కడే తడుస్తున్నాయి. వాటిలో ఒక వెదురు బద్దతో కొబ్బరిచెట్టు మొదట్లో మట్టి తవ్వి, పాతిపెట్టి, పాదంతో అదిమింది. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని వచ్చింది. మామ్మ చాప కాస్త పక్కకి లాగి దారి ఇచ్చింది. అమ్మ లోపలికి వెళ్ళాక మళ్ళీ అడ్డంగా లాక్కుంది. బతికున్నన్నాళ్ళూ మామ్మ పడక అక్కడే.

నాన్నగారి ఏడుపు చూస్తే నాకు జాలి కలగలేదు. ఒక్క చుక్క కూడా కలగలేదు. ఆ చేతులే ఆ ముంత కట్టాయని, ఆ చేతులే దశమికి మంచం పట్టీ బిగించాయని నాకు గుర్తుంది. మా అమ్మకి పదో పురుడు రాలేదు. అది ఆయన దయ కాదు.

తుఫాను వెలిసిన మర్నాడు ఊళ్ళో పెద్దలు నలుగురు పరామర్శకి వచ్చారు, పిట్ట పోయిందని. మేష్టారిది ఎంత జాలిగుండె, ఒక పిట్ట కోసం అన్నం మానేశారట అని చెప్పుకుంటూ వెళ్ళారు. నేను కాఫీ గ్లాసులు తీసుకొచ్చి తొట్టిలో పడేశాను.

వంటింట్లో అమ్మ విస్తరి ముందు కూర్చుని ఉంది. మామ్మ వడ్డిస్తోంది, కోడలికి. గిన్నె తొలిచిన నీళ్ళు కాదు, గిన్నె నిండా పాలు పక్కన పెట్టి ఉన్నాయి. అమ్మ తల ఎత్తకుండా తింటోంది. పూర్తయ్యాక లేవబోయి, మళ్ళీ కూర్చుని, ఇంకొంచెం అన్నం పెట్టండి అత్తయ్యగారూ అంది.